లేత జొన్నలో నాము ఎందుకుంది

ఒకప్పుడు జొన్నకు కాదనడం చేతనయ్యేది కాదు.

ఇప్పుడు మీరు చూసే జొన్న కాదది. చిగురు నుంచి మొదలు దాకా తీపే. లేతాకు తిన్నా తీపే, ముదురాకు తిన్నా తీపే, ఎండ మండిపోయే రోజున తిన్నా తీపే. ఇక ఎవరైనా ఊరుకుంటారా? మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అన్నారా?

మిడత వచ్చి కొరికేది. మేక దారిన పోతూ పోతూ నాలుగాకులు లాగేది. కుందేలు మొక్క మొదట్లో కూర్చుని తీరిగ్గా నమిలేది. తిన్నవాళ్ళు మూతి తుడుచుకుని పోయేవాళ్ళు. జొన్న మాత్రం కొరికినచోట మళ్ళీ చిగురు వేసుకుంటూ కూర్చునేది.

అలసిపోదా మరి? పోతుంది. మీ అమ్మను అడగండి. పొద్దున లేచింది మొదలు ఒకరి తర్వాత ఒకరు అది కావాలి, ఇది కావాలి అంటుంటే ఎట్లా ఉంటుందో ఆమే చెబుతుంది. నన్ను అడక్కండి, నాకు చెప్పే ఓపిక లేదు.

కానీ వానలున్నన్నాళ్ళు ఆ అలసట పెద్దగా తెలిసేది కాదు. వేరు తాగుతూ ఉంటే ఆకు పెరుగుతూ ఉంటుంది. పోయినదానికంటే వచ్చేదే ఎక్కువ కాబట్టి జొన్న కూడా సర్దుకుపోయేది.

ఆ కాలంలో లోకం మొత్తానికి జొన్నచేను ఒక్కటే. అది సుంకమ్మ, బొజ్జన్న అనే ఆలుమగలది. నల్లరేగడి నేల. వాళ్ళకు ఒక నల్లావు ఉండేది, దాన్ని కర్రావు అని పిలిచేవాళ్ళు. దానికో లేగదూడ. కర్రావుకు జొన్నంటే ప్రాణం.

బొజ్జన్నకు ఒక అలవాటు. పైరు మోకాలెత్తు రాగానే కర్రావును చేలోకి తోలేవాడు. ఒకసారి మేపితే జొన్న ఇంకా బాగా పిలకలు వేస్తుందని వాళ్ళ నాయన చెప్పాడట. వానలు పడే ఏడు అది నిజమే. ఆవు మేసిపోయాక జొన్న ఒక్క కర్రకు నాలుగు పిలకలు వేసేది. అందుకని వానలు లేని ఏడు కూడా అదే నిజమనుకున్నాడు బొజ్జన్న. నాయన చెప్పింది సగమేనని ఆయనకేం తెలుసు?

ఆ ఏడు ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాయి. అదును తప్పిపోతుందని ఇద్దరూ ఉరుకులు పరుగుల మీద గొర్రు కట్టి విత్తేశారు. సుంకమ్మ విత్తనాల కుండను బోర్లించి, తట్టి, దులిపి మరీ విత్తింది. ఒక్క గింజ కూడా మిగుల్చుకోలేదు.

ఆ తర్వాత మబ్బులు రావడం, చేను మొహం చూడడం, పోవడం. అంతే. చినుకు రాలలేదు.

జొన్న మోకాలెత్తు పెరిగి ఆగిపోయింది. ఆకులు చాపచుట్టలా చుట్టుకున్నాయి. పగలంతా తల వేలాడేసుకుని నిలబడేది. అయినా దానికి ఒకటే ఆలోచన. ఎట్లాగైనా కంకి వేయాలి. కంకి వేస్తే గింజ ఉంటుంది, గింజ ఉంటే వచ్చే ఏడు జొన్న ఉంటుంది. కుండలో ఏమీ లేదని దానికి తెలుసు. ఈ చేలో కంకి రాకపోతే లోకంలో జొన్న అనేదే ఉండదు.

అలవాటు ప్రకారం బొజ్జన్న ఆవును చేలోకి తోలాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కర్రావు మొదలంటా మేసింది. జొన్న వేరులో దాచుకున్న కాస్త తేమతో సన్నసన్నని పిలకలు వేసింది. అవి జానెడు రాకముందే కర్రావు మళ్ళీ వచ్చింది. ఆగమని, కంకి వేయనిమ్మని జొన్న బతిమాలింది. కర్రావు వినలేదు. పాపం దాని తప్పేం లేదు, ఆకలి మీద నమిలేటప్పుడు ఎవరికీ చెవులు పనిచెయ్యవు.

మళ్ళీ పిలక వేసింది జొన్న. ఈసారి వేరులో ఇంకేమీ మిగల్లేదు. ఇవి కూడా పోతే ఇక లేవలేనని దానికి తెలిసిపోయింది.

గట్టు మీద జిల్లేడు ఉంది. కరువులోనూ పచ్చగా, దిట్టంగా ఉంది. నిన్నెవరూ తినరెందుకని జొన్న దాన్ని అడిగింది. నా ఒంట్లో విషప్పాలున్నాయి, ఒకసారి మూతి పెట్టిన ఆవు రెండోసారి ఇటు చూడదు అంది జిల్లేడు. అయితే నాకూ కాసిని ఇవ్వమంది జొన్న.

జిల్లేడు పెద్దగా నిట్టూర్చింది.

"విషం మొయ్యడం నీకు తేలిగ్గా కనిపిస్తోందా చెల్లీ? చేసుకోవడానికి బలం కావాలి, దాచుకోవడానికి చోటు కావాలి. ఆ బలంతో ఎన్నాకులు వేసుకోవచ్చో. పైగా నన్నెవరూ అన్నం అడగరు. నిన్ను అడుగుతారు. నువ్వు గింజలో కూడా విషం పెట్టుకుంటే సుంకమ్మ నిన్నెందుకు విత్తుతుంది?"

మాట నిజమే. సుంకమ్మ ఇంట్లో రొట్టె అయ్యేది జొన్నే, సంగటి అయ్యేది జొన్నే. జొన్నకు ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి కాళ్ళ కిందున్న నేలతల్లినే పిలిచింది.

నేలతల్లి మాత్రం ఏం బాగుంది? ఒళ్ళంతా పగుళ్ళు. నీళ్లిమ్మని అడగొద్దు బిడ్డా, నా దగ్గరా లేవు అంది. ఉన్నదేదో ఇస్తానని పగుళ్ళలోంచి రెండు సరుకులు తీసి ఇచ్చింది. రెండూ చూడ్డానికి మామూలుగానే ఉన్నాయి.

వాటిని వాడుకునే పద్ధతి కూడా చెప్పింది. రెంటినీ ఒకే గదిలో పెట్టకూడదు. ఆకులో గోడ కట్టుకుని ఇటొకటి, అటొకటి దాచుకోవాలి. చెకుముకి రాయీ ఇనుమూ వేరువేరుగా ఉన్నంతసేపు నిప్పు పుట్టదు కదా, ఇవీ అంతే. పన్ను పడి గోడ పగిలితే రెండూ కలుస్తాయి. కలిస్తే పుట్టేదే నాము. నామంటే విషమే.

లేతగా ఉన్నప్పుడు, నోరెండిపోయినప్పుడు దగ్గర పెట్టుకో, గింజలోకి మాత్రం రానివ్వకు అంది నేలతల్లి. తిన్నవాళ్ళకు ఏమవుతుందని జొన్న భయంభయంగా అడిగింది.

"ఒక వాయి తిని వదిలేస్తే ఒళ్ళు తిరిగి పక్కకు పోతారు. కడుపు నిండా తింటే లేవరు" అంది నేలతల్లి. "అది వాళ్ళ ఆకలిని బట్టి ఉంటుంది బిడ్డా. నా చేతుల్లోనూ లేదు, నీ చేతుల్లోనూ లేదు."

జొన్న ఆలోచించింది. కర్రావు తెలివైనది, ఒక వాయి తిని ఆగిపోతుందిలే అనుకుంది. అనుకుని, ఆ రెండు సరుకుల్నీ పిలకల్లో దాచుకుంది. మోయలేక మోయలేక మోసింది.

ఇంట్లో చూస్తే ఆలుమగల మధ్య వాదన నడుస్తోంది. గడ్డి లేదు, గరిక లేదు. కర్రావు డొక్కలు లోపలికి పోయాయి. దూడ పొదుగు పట్టుకుని గుద్ది గుద్ది ఏడుస్తోంది. చేనెట్లాగూ పోయింది కదా, దాని కడుపన్నా నిండనీ అన్నాడు బొజ్జన్న. సుంకమ్మ ఒప్పుకోలేదు. కుండలో ఒక్క గింజ లేదు, ఒక్క కంకైనా చేతికొస్తే చాలు, ఈసారికి తోలొద్దు అని మొత్తుకుంది.

"కంకి సంగతి దేవుడెరుగు" అన్నాడు బొజ్జన్న. "నువ్వే చూడు దాన్ని. చూసి, నువ్వే చెప్పు."

సుంకమ్మ చూసింది. కర్రావు కూడా ఆమె వైపే చూస్తోంది. సుంకమ్మే పోయి పలుపు విప్పింది.

కర్రావు చేలోకి వచ్చింది. ఒక వాయి తింది. నాలుక తిమ్మిరెక్కింది. జొన్న గట్టిగా పిలిచింది. ఈసారి కర్రావు విన్నది.

"అక్కా, చాలు. ఇంక తినొద్దు. తింటే లేవవు."

"తెలుస్తూనే ఉంది" అంది కర్రావు. "కానీ దూడకు పాలు రావాలి."

మళ్ళీ తింది. ఆకలి రుచెరుగదంటారు. అది ప్రమాదం కూడా ఎరగదు, ఎరిగినా లెక్క చెయ్యదు. వద్దు వద్దని జొన్న అరుస్తూనే ఉంది. ఇచ్చిన సరుకు వెనక్కి తీసుకోమని నేలతల్లిని బతిమాలింది. ఆకులో పగిలిన గోడలు అతుక్కుంటాయా?

కర్రావు ముందు కాళ్ళు మడిచింది. తర్వాత పక్కకు ఒరిగిపోయింది. సుంకమ్మ బెల్లం నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, నోట్లో పోసింది. నీళ్లు పక్కల నుంచి కారిపోయాయి. బొజ్జన్న తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"నీ మీద కోపంతో పెట్టుకోలేదక్కా" అంది జొన్న. "నా గింజ కోసం పెట్టుకున్నా."

"తెలుసు. నేనూ నా కోసం తినలేదు" అంది కర్రావు. "నా దూడకు ఇంత మేత చూడు."

అంతే, కళ్ళు మూసింది. ఏడవకండి. నాకూ బాధగానే ఉంది, అయినా కథ మధ్యలో వదిలేస్తే ఇంకా బాధ.

ఆ రోజు నుంచి బొజ్జన్న ఆ చేను గట్టు తొక్కలేదు. మేక, కుందేలు కూడా పక్కదారి పట్టాయి. కర్రావు తిన్నవి పోను సగం చేను మిగిలింది. ఎవరూ ముట్టుకోకపోవడంతో జొన్న ఉన్నచోటే ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. దానికి సంతోషమేమీ లేదు.

ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు కదా. ఉత్తర కార్తె కూడా ఎండగానే పోయింది. ఊరు విడిచి పోదామని బొజ్జన్న గంప సర్దాడు. అది నెత్తికెత్తుకునే లోపే హస్త కార్తెలో వాన దిగింది. నేలతల్లి పగుళ్ళు పూడాయి. జొన్న కడుపు నిండా తాగింది. మెల్లగా నిలదొక్కుకుంది, ఏపుగా పెరిగింది, కంకి వేసింది. కర్రలు ముదిరేకొద్దీ నాము తగ్గుతూ వచ్చింది. నేలతల్లి చెప్పినట్టు గింజలోకి చుక్క కూడా పోనివ్వలేదు.

సుంకమ్మ కంకులు కోసింది. కుండలో విత్తనం పోసుకుంది. మిగిలినదాంతో రొట్టె చేసుకుని ఇద్దరూ తిన్నారు.

కంకులు పోయాక చొప్ప మిగిలింది. సుంకమ్మ దాన్ని కోసి చేలోనే పడేసింది. ఇంటికి తేవడానికి భయం. ఇంటిదగ్గర దూడ పొరుగింటి మేకపాలు తాగి ఎట్లాగో బతికి ఉంది, ఎముకలు లెక్కపెట్టొచ్చు.

జొన్నకు కర్రావు మాట మనసులో ముల్లులా ఉంది. నేల మీద పడుకుని ఎండను పిలిచింది. నా తేమంతా నువ్వే తీసుకుపోయావు, మిగిలిన ఈ నామును కూడా తీసుకుపో, నాకు దీన్ని మోసే ఓపిక లేదు అంది. ఎండ సరేనంది. రోజూ వచ్చింది, రోజూ ఇంత పట్టుకుపోయింది. చొప్ప గలగలలాడేలా ఎండాక చూస్తే అందులో నాము లేదు.

ఒకనాడు దూడ పలుపు తెంపుకుని చేలోకి ఉరికింది. సుంకమ్మ వద్దని కేకలు పెట్టుకుంటూ వెనకే పరిగెత్తింది. ఆమె వచ్చేసరికే దూడ నోట్లో చొప్ప ఉంది. సుంకమ్మ అక్కడే కూర్చుండిపోయింది. తల్లి పడినట్టే ఇదీ పడుతుందని చూస్తూ కూర్చుంది.

దూడ పడలేదు. నమిలింది, మింగింది, ఇంకో వాయి తీసుకుంది. పొద్దు వాలేదాకా తిని, తోక ఊపుకుంటూ వచ్చి ఆమె ఒళ్ళో మూతి పెట్టింది. అప్పుడు ఏడ్చింది సుంకమ్మ, కర్రావు పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. మర్నాడు ఇద్దరూ కలిసి చొప్పంతా మోపులు కట్టి ఇంటికి మోసుకొచ్చారు.

అప్పటినుంచే లేత జొన్నలో, వానల్లేక వాడిన జొన్నలో, కోశాక లేచే పిలకల్లో నాము ఉంటుంది. అప్పటినుంచే కంకి వేసి ముదిరేకొద్దీ అది తగ్గిపోతుంది, బాగా ఎండిన చొప్ప ఎండాకాలమంతా పశువుల ఆకలి తీరుస్తుంది. వచ్చిన ప్రతి నోటికీ వద్దని చెప్పే ఓపిక జొన్నకు ఇప్పటికీ లేదు, చెప్పినా ఆకలిగొన్న పశువు ఆగదు. అందుకే కంకి వచ్చేదాకా పశువును మనమే కట్టేసుకోవాలి.