పదకొండో రోజు

తన చేత్తో రాసుకున్న పుస్తకమే తనను ఇలా ముంచుతుందని మధూలిక అనుకోలేదు.

అందులో ఉన్నది ఉన్నట్టు చేసింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగుసార్లూ నగ వచ్చింది గానీ, నగకు ప్రాణం రాలేదు.

అంతకుముందు ఆమె ఒక హారం చేసింది. సన్నటి వెండి తీగను మెలిపెట్టి, చుట్టలు చుట్టి, అతికించి చేసే కరీంనగర్ పని. ఒక పక్క చిక్కటి వల, రెండో పక్క కరిగి గడ్డకట్టిన వెండి. హైదరాబాదులో ఒక ప్రదర్శనశాల వాళ్లు దాన్ని చూసి ముచ్చటపడ్డారు. ఆలోచన పుట్టిన రోజు నుంచి మెరుగు పెట్టిన రోజు దాకా ఆమె బొమ్మలతో, ఫొటోలతో రాసిన పుస్తకాన్ని చూసి ఇంకా ముచ్చటపడ్డారు. "ఇదే దారిలో ఇంకొకటి చెయ్యండి. రెండు హారాలూ, పుస్తకమూ కలిపి పెడతాం," అన్నారు.

ఆమెకు అదే మొదటి ప్రదర్శన. ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

నాలుగు నగలూ గుడ్డలో మూటగట్టుకుని, పుస్తకం చంకన పెట్టుకుని గురువు దగ్గరికి వెళ్లింది.

భూమాచారికి డెబ్బై దాటాయి. పని నేర్పడమే తప్ప ఉపదేశాలు చెప్పడం చేతకాని మనిషి. మొదటి హారం ఆమె చేసింది ఆయన కొట్లోనే. ఆమె వెళ్లేసరికి ఆయన గురివింద గింజల తోలు తీసి, పప్పు రాతి మీద నూరుతున్నాడు. తీగ ముక్కలు కదలకుండా అంటించే జిగురు ఆ పప్పుతోనే చేస్తారు.

"తాతా, నా చెయ్యి ఎక్కడ తప్పుతోందో చూడండి."

ఆయన నాలుగింటినీ ఒక్కొక్కటిగా తిప్పి చూశాడు.

"చెయ్యి మంచిగనే ఉంది. పుస్తకం సదువు."

పైకి చదివింది. ఆ పుస్తకంలో మధూలిక ఎక్కడా తడబడదు. ఏది చేసినా ముందే అనుకుని చేస్తుంది. ఒక పక్క వెండిని కరిగించాలని మొదటి రోజే నిర్ణయించుకున్నట్టు కూడా రాసింది. పెళ్లి ఆల్బంలో అలిగినవాళ్లు ఒక్కరూ కనిపించరు చూడండి, అంత ముద్దుగా ఉంది పుస్తకం.

"పదో రోజు, వల పూర్తయింది. పద్నాలుగో రోజు, కరిగించిన భాగానికి..."

"ఆగు. నడుమ మూడు దినాలేమైనయ్?"

"అప్పుడు పనేం జరగలేదు తాతా."

"మంట ఎక్కువైంది. ఓ పక్కంత కరిగి ముద్దయింది. నువ్వు గా మూలకు కూసోని ఏడ్సినవ్. అన్నం గూడ తినలే. మూడో నాడు గా ముద్దనే చేతిలకు తీసుకోని పొద్దూకేదాక సూసినవ్."

మధూలికకు సిగ్గేసింది. ఆ వెనకే కోపం వచ్చింది.

"అవన్నీ రాస్తే, నాకు మంట పట్టడమే రాదనుకుంటారు."

ఆయన తోలు తీయని గురివింద గింజ ఒకటి తీసి, నల్లటి వైపు పైకి ఉండేలా ఆమె అరచేతిలో పెట్టాడు.

"గురివింద గింజ తన నలుపెరగదు, అంతేగా?" అంది మధూలిక. "నా నలుపు నాకు తెలుసు తాతా. తెలిసే దాచాను."

"సామెత జెప్పుమన్ననా బిడ్డా? సూడుమన్న."

భూతద్దం అందించాడు.

చూసింది. ఎర్రటి మేరంతా నున్నగా ఉంది. ఎక్కడా ఒక గీత లేదు. నలుపులో మాత్రం చిన్న గాటు కనిపించింది.

"ఇక్కడేదో మచ్చ ఉంది."

"కాయను పట్టుకున్న జాగ అది. గింజ తాగి పెరిగింది ఆడికెల్లే."

అని, మళ్లీ నూరుకోవడంలో పడ్డాడు.

మధూలిక గింజను పక్కన పెట్టి, నాలుగు నగలనూ వెండి కరిగించే మూసలో వేసింది. పుస్తకం తెరిచింది. పదో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య ఒక్క వాక్యానికి కూడా చోటు లేదు.

పక్కనే ఉన్న విడి కాగితం ఒకటి లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

"పదకొండో రోజు. మంట నా చెయ్యి దాటిపోయింది."

కాగితం రెండు వైపులా నిండింది. ఆమె తలెత్తేసరికి, జిగురు గిన్నె తన ముందుకు జరిపి ఉంది.