ఎత్తని చెయ్యి

భీమిలి ఒడ్డున కోచ్ జోగారావు మాస్టారి బృందం దిగిన ఇంట్లో, నంద్యాల నుంచి వచ్చిన శశిధర్ అనే కుర్రాడు అందరికంటే ఎక్కువ భయపడేవాడు, కానీ ఆ మాట చచ్చినా ఒప్పుకునేవాడు కాదు.

వినండి, చెబుతాను. ఆ వారం చివర అక్కడ పెద్ద పోటీ. ముందు సముద్రంలో ఈత. ఒడ్డుకొచ్చి సైకిలు. సైకిలు దిగి పరుగు. ట్రయథ్లాన్ అంటారు దాన్ని. వారమంతా మాస్టారి శిష్యులు ఒకే ఇంట్లో ఉండి, ఒకే పంక్తిన తినేవారు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. పొద్దుగూకగానే భోజనాలకు కూర్చుంటారు కదా, ప్రతివాళ్ళూ తమ భయమేమిటో పైకి చెప్పాలి. చెప్పాకే వడ్డన.

"కడుపు నిండా భయం పెట్టుకుంటే అన్నానికి చోటేదిరా?" అనేవారు మాస్టారు.

శశిధర్ వంతు వచ్చినప్పుడల్లా ఒకటే జవాబు. "ఆకలి తప్ప నాకేం భయం లేదు మాస్టారూ! పప్పు ఇటు పంపండి."

పక్కన వకుళక్క కూర్చునేది. ఏలూరులో లెక్కల టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. "నీళ్ళ అడుగు కనబడకపోతే నాకు ఊపిరి అందదు మాస్టారూ," అంది మొదటిరోజే.

"అయితే వేసవిలో మా ఊరు రా అక్కా! కుందూ నదిలో అడుగు తప్ప ఇంకేమీ కనబడదు," అన్నాడు శశిధర్.

అందరూ పగలబడి నవ్వారు. అక్క కూడా నవ్వింది.

కానీ అతని మనసులో ఏముందో ఆ సింహాచలం అప్పన్నస్వామికే తెలుసు. శశిధర్ నేర్చింది ఈతకొలనులో. అడుగున నీలం పలకలు, వాటి మీద నల్ల గీత. ఆ గీత పట్టుకుని చేపలా పోయేవాడు. ఇక్కడ సముద్రంలో మొదటిసారి తల ముంచి చూస్తే గీత లేదు, పలకలు లేవు, తన చేతివేళ్ళే కనబడలేదు. భుజం పట్టేసిందని చెప్పి ఒడ్డుకొచ్చేశాడు. మర్నాడూ అదే భుజం, అదే నొప్పి. అన్నం తింటున్నా అలల హోరు చెవుల్లోనే ఉండేది. ముద్ద దిగేది కాదు. అయినా నవ్వుతూనే ఉండేవాడు.

పోటీకి ముందురోజు మాస్టారు భోజనం మధ్యలో లేచారు. "సముద్రమంటే భయమున్నవాళ్ళు ఒకసారి వసారాలోకి రండి. ఒక మాట చెప్పాలి."

వకుళక్క లేచింది. ఇంకో ఇద్దరు లేచారు. శశిధర్ కూడా సగం లేచాడు. ఎదుటివాడు తలెత్తి చూశాడు. అంతే! పెరుగు గిన్నె కోసం లేచినట్టు నటించి మళ్ళీ చతికిలబడ్డాడు. తెల్లవారాక పోటీ నిర్వాహకులు కూడా ఒడ్డున మైకులో, మాస్టారు వసారాలో చెప్పిన మాటే చెప్పారు. కానీ బాబూ, భయం దాచుకున్నవాడికి గుండె చప్పుడు తప్ప ఇంకేం వినబడుతుంది?

హారన్ మోగింది. జనమంతా ఒక్కసారిగా నీళ్ళలో పడ్డారు. శశిధర్ కొంత దూరం బాగానే పోయాడు. తర్వాత అడుగు మాయమైంది. ఎవరిదో కాలు మొహానికి తగిలింది. ఉప్పునీళ్ళు గొంతులోకి పోయాయి. ఛాతీని ఎవరో తాడేసి బిగించినట్టయింది. ఊపిరి తీస్తే నీళ్ళు, కళ్ళు తెరిస్తే చీకటి.

అక్కడికి దగ్గర్లోనే కాపలా పడవ ఉంది. చెయ్యెత్తితే చాలు, వస్తుంది. కానీ చెయ్యెత్తితే పోటీ నుంచి తీసేస్తారనుకున్నాడు. సాయంత్రం పంక్తిలో అందరూ నవ్వుతారనుకున్నాడు. చెయ్యి ఎత్తలేదు. ఒకసారి మునిగాడు. తేలాడు. అయినా ఎత్తలేదు. రెండోసారి మునిగి తేలేసరికి పడవ అంచు పట్టుకుని రొప్పుతున్న వకుళక్క కనబడింది.

"శశీ! చెయ్యెత్తరా!"

"ఎత్తితే... తీసేస్తారు..."

"తీసెయ్యర్రా పిచ్చి సన్నాసీ! పడవ పట్టుకుని ఆగొచ్చు, అది మనల్ని ముందుకు లాక్కుపోకుండా ఉంటే చాలు. నిన్న మాస్టారు చెప్పింది అదే! నువ్వేమో పెరుగన్నం కలుపుకుంటున్నావు!"

శశిధర్ చెయ్యెత్తాడు. పడవ వచ్చింది. రెండు చేతులతో దాని అంచు కరుచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వకుళక్కకు అప్పటికే ఊపిరి కుదుటపడింది. "మెల్లగా రా," అని ముందుకు ఈదుకుంటూ పోయింది. శశిధర్ పడవ అంచు వదలడానికి చాలాసేపు పట్టింది. ఈదుకుంటూ ఒడ్డు చేరేసరికి ఈతకిచ్చిన గడువు దాటిపోయింది. నిర్వాహకులు అతని సైకిలు ముట్టుకోనివ్వలేదు. మధ్యాహ్నం ఎండలో నిలబడి, పరుగు ముగించి వస్తున్న అక్కకు చప్పట్లు కొట్టాడు.

ఆ సాయంత్రం పంక్తిలో ఎవరూ అడగకముందే శశిధర్ నోరు విప్పాడు. "మాస్టారూ, నాకు సముద్రమంటే భయం. మొదటిరోజు నుంచీ భయమే."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు అతని కంచంలో వేడి అన్నం పెట్టారు. "ఏటి బాబూ, ఈ ముక్క మొదటిరోజే చెప్పుంటే రోజూ నీ పక్కనే ఈదేవాణ్ణి కదా! తిను. రేపు ఇద్దరం కలిసి దిగుదాం."

అమ్మా, నాయనా, దేవుడు మనకు చేతులిచ్చింది దండం పెట్టడానికి ఒక్కదానికే కాదు, ఆపదలో ఎత్తి పిలవడానికి కూడా. భయపడడం తప్పు కాదు; ఆ భయాన్ని దాచి, ఆదుకునేవారిని దూరం చేసుకోవడమే తప్పు.