తెరేజమ్మ మాట

బ్రదర్ జోజప్ప గురువిద్యాలయం వదిలి ఇంటికి వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాడు.

చర్చిలో పూజ చేసే గురువు కావాలని వచ్చినవాడే. బైబిలు పాఠం చెప్పే ఫాదర్ ఇన్నయ్య అంటే అతనికి ప్రాణం. అలాంటి మనిషి ఆ వారం అందులో మొదటి పుస్తకం ఆదికాండం మొదలుపెడుతూ, "లోకాన్ని చేసింది దేవుడే. అందులో సందేహం లేదు. కానీ ఆరు రోజుల్లో చేశాడని రాసి ఉంటే, ఆ రోజుల్ని మన గడియారంతో కొలవమని మన చర్చి, శ్రీసభ, అడగడం లేదు. సూర్యుణ్ణి నాలుగో రోజున కదా చేశాడు, మరి మొదటి రోజు సాయంకాలం ఎలా అయింది?" అన్నారు.

జోజప్పకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అమ్మ ఒళ్ళో కూర్చుని విన్న కథ అది. దేవుడు మట్టి పిసికి మనిషిని చేశాడని ఆవిడ చెబుతుంటే తన చేతులు తనే తడుముకుని చూసుకునేవాడు. 

ఆదివారం ఫాదర్ గదికి వెళ్ళాడు.

"రాసింది రాసినట్టు జరగలేదంటే అది అబద్ధమనే కదా ఫాదర్? మొదటి పేజీయే అబద్ధమైతే రేపు చర్చిలో పీఠం దగ్గర నిలబడి జనానికి ఏం చదివి వినిపించను? ఇవాళ అమ్మ వస్తోంది. ఆవిడతో వెళ్ళిపోతాను."

ఫాదర్ వాదించలేదు. "అమ్మను రానీ" అన్నారు.

తెరేజమ్మది నరసాపురం దగ్గర పల్లె. భర్త పోయాక లేసు అల్లి కొడుకును చదివించింది. ఫాదర్ గది గుమ్మం దగ్గర తలుపు పట్టుకుని కాసేపు ఆగి, మెల్లగా లోపలికి వచ్చి, కుర్చీ అంచు తడిమి కూర్చుంది. ప్రయాణం బడలిక అనుకున్నాడు జోజప్ప.

"మీవాడు వచ్చేస్తానంటున్నాడమ్మా" అన్నారు ఫాదర్.

ఆవిడ ముఖం పాలిపోయింది. "మీరైనా చెప్పండి ఫాదర్. దేవుడికిద్దామని వీణ్ణి కళ్ళల్లో పెట్టుకుని పెంచాను."

"జోజప్పా, అమ్మకు మంచినీళ్ళు తీసుకురా."

గ్లాసుతో తిరిగి వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఫాదర్ ముందుకు వంగి, టార్చిలైటు వేసి అమ్మ కళ్ళల్లోకి చూస్తున్నారు.

"కళ్ళల్లో పెట్టుకున్నానన్నావు. ఎక్కడమ్మా? నాకు కనబడటం లేదే."

జోజప్ప నమ్మలేకపోయాడు. బస్సులు మారి అంత దూరం వచ్చిన మనిషితో ఎగతాళా? ఇన్నాళ్ళూ తను చేతులు జోడించింది ఈయనకా? ఆపుదామని చప్పుడు కాకుండా వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

వెలుగు ఆవిడ కుడికంటి మీద పడింది. కన్ను చిట్లించింది. వెలుగు ఎడమకంటి మీదికి జరిగింది. రెప్ప కదల్లేదు.

ఫాదర్ టార్చి ఆర్పేశారు. "ఎన్నాళ్ళయిందమ్మా?"

తెరేజమ్మ గొంతు తగ్గించింది. "పోయిన క్రిస్మస్ ముందునుంచే ఫాదర్. ఆ పక్కంతా చీకటి. రెండోది కూడా మసకేస్తోంది. పొద్దస్తమానం ఆ సన్న దారం మీదే చూపాయె. నీళ్ళు తెస్తూ ఉంటాడు, వాడికి మాత్రం చెప్పకండి. చదువు పాడైపోద్ది."

జోజప్ప ఆవిడకు జానెడు దూరంలో ఉన్నాడు. ఎడమపక్కన.

అతను ముందుకు వంగేసరికి గ్లాసులో నీళ్ళు తొణికాయి. చుక్కలు భుజం మీద పడేసరికి ఆవిడ ఉలిక్కిపడి, ముఖమంతా ఇటు తిప్పింది.

"ఎప్పుడొచ్చావు నాన్నా?"

జోజప్ప వేసవి సెలవుల్లో నెల్లాళ్ళు ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఆవిడ తడుముకుంటూ వడ్డిస్తే తిన్నాడు. బైబిలు తెరిచి ఒక్కొక్క మాటా పట్టి పట్టి చదువుకున్నాడు. ఆవిడ ముఖంలోకి చూడలేదు.

ఫాదర్ మెల్లగా అడిగారు. "నిన్ను కళ్ళల్లో పెట్టుకుని పెంచానని ఇందాక మీ అమ్మ అన్న మాట అబద్ధమా జోజప్పా?"

జోజప్ప తల్లి పాదాల దగ్గర కూలబడ్డాడు.

ఫాదర్ తెలిసిన కంటి డాక్టరుకు ఫోన్ చేసి, ఆటో పిలిపించారు. తల్లిని లేవదీసి, గుమ్మం దాటబోతూ జోజప్ప వెనక్కి తిరిగాడు.

"ఫాదర్, ఆదికాండం గురించి నేను..."

"వచ్చాక చదువుదాం" అన్నారు ఫాదర్ ఇన్నయ్య. "ముందు అమ్మకు ఎడమపక్కన నడు."