నక్క తోక, బొల్లికోడి దణ్ణం

అనగనగనగా, కోళ్ళకు మాటలూ మనుషులకు తీరికా ఉన్న రోజుల్లో, కొండ కింద తూనీగలవలస అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒక ఒంటరి ఆడమనిషి. ఆమె రోకలి చేతబట్టిందంటే, పులి కూడా "దారి తప్పి వచ్చాను వదినా, తప్పు కాయి" అని వెనక్కి తిరిగేది.

గవరమ్మకు ఉన్న ఆస్తంతా ఇంటి వెనక పెరడు. పెరటి చుట్టూ ముళ్ళకంప దడి. ఆ దడి ఎంత చిక్కనిదంటే, గాలి కూడా ఒళ్ళు గీరుకోకుండా లోపలికి వచ్చింది లేదు.

ఒకప్పుడు ఆ పెరటి కోళ్ళను లెక్కపెట్టడానికి కూర్చున్నవాడు గడ్డం నెరిసి లేచేవాడట. కాని ఆ ఏడు కొక్కెర తెగులు వచ్చింది. ఊరి కోళ్ళన్నిటినీ చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చుకుపోయింది. మిగిలినవి గవరమ్మ పెరట్లోని మూడే. డేగరంగు పుంజు ఒకటి, మైలరంగు పెట్ట ఒకటి, బొల్లి అనే ముసలి పెట్ట ఒకటి.

ఆ మైలపెట్టకు కొత్తగా పిల్లలు. దూది ఉండలకు కాళ్ళు మొలిస్తే ఎలా ఉంటాయో అలా ఉండేవి. ఆ పిల్లలు పెరిగితేనే పెరడు నిండాలి, ఊళ్ళో కోడి కూత వినబడాలి. అవి పోయాయా, తూనీగలవలసలో ఇక కోడి అన్న మాటే ఉండదు. అందుకే గవరమ్మ చీకటి పడకముందే తల్లినీ పిల్లల్నీ గంప కింద కమ్మి, గంప మీద రుబ్బురోలు పొత్రం పెట్టేది. పగలు దడి నీడన అదే గంపకు ఒక పక్క పుల్ల ఆనించి ఎత్తి ఉంచేది, పొత్రం అలాగే ఉండేది. డేగ కనబడితే పిల్లలు పరుగున దాని కిందికి దూరేవి.

పుంజు సంగతి చెప్పాలా! అది కూస్తే కొండవెనక సూర్యుడు దిగ్గున లేచి, మొహమైనా కడుక్కోకుండా వచ్చేవాడు. అందుకే దానికి గర్వం తురాయి దాకా ఉండేది.

ఇక బొల్లి. అది గుడ్లు పెట్టడం మానేసి చాన్నాళ్ళయింది. పొరుగింటి సన్నాసమ్మ దడి అవతలనుంచి తొంగిచూసినప్పుడల్లా ఒకటే మాట.

"ఏమే గవరా, ఆ ముసలిదానికి మేత దండగ కాదూ? పులుసు పెట్టెయ్యరాదూ?"

"విషజ్వరంతో మంచాన పడ్డప్పుడు రోజూ గుడ్డు పెట్టి నన్ను లేపి కూర్చోబెట్టింది ఇదే. తిన్న గుడ్డు మరిచిపోయే నాలుక కాదొదినా నాది" అనేది గవరమ్మ.

ఆ మాట బొల్లి చెవిన పడింది. ఆనాటి నుంచి దానికి ఒక అలవాటు పట్టుకుంది. గింజ ముక్కున పెట్టినా, గుక్కెడు నీళ్ళు తాగినా, తల పైకెత్తి పెట్టినవాళ్ళకు దణ్ణం పెట్టుకునేది. గింజకో దణ్ణం, గుక్కకో దణ్ణం.

పుంజు నవ్వేది. "బొల్లత్తా, ఇలా దణ్ణాలు పెడుతూ కూర్చుంటే నీ మెడ కొంగమెడ అయిపోతుంది!"

"పెట్టినవాళ్ళ మొహం చూసి తింటే తిన్నది అరుగుతుందిరా అబ్బాయ్" అనేది బొల్లి.

ఇలా ఉండగా, కొండ మీద ఒక నక్క. దాని పొట్ట వీపుకు అంటుకుపోయి, గాలి కొడితే డప్పులా మోగేది. ఆ నక్కకు కోడిపిల్లల కిచకిచ వినబడింది. ఒక్క దూకున దడి దాటి పెరట్లో పడింది. పుంజు "కొక్కొరొకో" అంది. రోకలి వచ్చింది. ఆ దెబ్బకు నక్క ఎగిరి మళ్ళీ కొండ మీదే పడింది. దారిలో రెండు మబ్బులు కూడా తగిలాయి.

వీపు నాక్కుంటూ నక్క ఆలోచించింది. 'ఈ మనుషులకు ఒక వెర్రి ఉంది. ఎవడికైనా మంచి జరిగితే నక్క తోక తొక్కి వచ్చాడంటారు. నా నోటిని చూస్తే రోకలి ఎత్తుతారు, నా తోక మాటెత్తితే చేతులెత్తుతారు. ఇన్నాళ్ళూ నోటితో వేటాడి చెడ్డాను. ఇకమీదట తోకతో వేటాడతాను.'

మర్నాడు గవరమ్మ కలుపు తియ్యడానికి చేలోకి వెళ్ళింది. దడి మొదట్లో ఒక చిన్న కంత ఉండేది, ముంగిస కూడా ఊపిరి బిగబట్టి దూరవలసినంత కంత. అందులోంచి కుచ్చులాంటి తోక ఒకటి లోపలికి వచ్చింది.

పుంజు మెడ సాచింది.

"కుయ్యకు అల్లుడూ, కుయ్యకు!" అంది దడి అవతల నక్క. "నేను లోపలికి వచ్చానా? నా తోక వచ్చింది, అంతే. మనుషులంతా ఈ తోకను తొక్కాలని కలలు కంటూ ఉంటే, నీకు గుమ్మంలోకి తెచ్చి ఇచ్చాను. ఒక్కసారి తొక్కి చూడు."

పుంజు అటు చూసింది, ఇటు చూసింది. వచ్చి తొక్కింది. అంతే! దడి మీదుగా జొన్నకంకులు దబదబా పడ్డాయి. అవి ఎవరి చేలో విరిచినవో నక్కకే తెలుసు.

పుంజూ మైలపెట్టా పిల్లలూ తలలు వంచాయి. వంచిన తల ఎత్తకుండా తిన్నాయి. బొల్లి మాత్రం ఒక్క గింజ నోట పెట్టుకుని, అలవాటు ప్రకారం, పెట్టినవాళ్ళకు దణ్ణం పెడదామని తల ఎత్తింది.

ముళ్ళ సందున రెండు కళ్ళు కనబడ్డాయి. కళ్ళ కింద నోరు. నోట్లోంచి చొంగ. ఆ చొంగలో బాతులు ఈత నేర్చుకోవచ్చు.

బొల్లి నోటిలోని గింజ ఉమ్మేసింది. "ఒరే అబ్బాయ్, ఇటు తోక ఉంటే అటు నోరుంటుందిరా! ఆ నోరు మన పిల్లల్నే చూస్తోంది."

"గుడ్లు పెట్టడం మానేసి పుల్లలు పెట్టడం మొదలెట్టావా అత్తా? తిను తిను, చల్లారిపోతుంది" అంది పుంజు, జొన్నలు చల్లారేవి కాకపోయినా.

రెండో రోజు పొద్దు వాలే వేళ గవరమ్మ కుడితినీళ్ళు పారబోయడానికి దడి దగ్గరకు వచ్చింది. కాలి కింద మెత్తగా ఏదో తగిలింది. చూసేసరికి నక్క తోక సర్రున కంతలోకి జారిపోయింది. అది ఉన్నచోట ఒక ఇత్తడి చెంబు ధగధగ మెరుస్తోంది. అది నిరుటి వరదలో వాగులో కొట్టుకుపోయిన ఆమె చెంబే! వాగు ఇసకలోంచి నక్క దాన్ని తవ్వి తెచ్చింది మరి.

గవరమ్మ వేసిన గంతులకు ఇంటి మీద తాటాకులు ఊగాయి. "సన్నాసమ్మొదినా! నక్క తోక తొక్కానే! పోయిన చెంబు నడిచి వచ్చిందే!"

"చెంబు సరే, ఆ కంత పూడ్చెయ్యవే తల్లీ. తోక వచ్చిన దారిన తక్కినది రాదా?" అంది సన్నాసమ్మ.

"పూడ్చడమా! అదృష్టం వచ్చే వాకిలొదినా అది. పూడిస్తే కళ్ళు పోతాయి!"

పూడ్చకపోవడమే కాదు, ఆ కంత ముందు పేడనీళ్ళు చల్లి, ముగ్గు పెట్టి, పసుపూ కుంకుమా అద్దింది. ప్రపంచం పుట్టాక నక్క కంతకు పద్మాల ముగ్గు పెట్టిన మనిషి ఆమె ఒక్కతే.

బొల్లి ముగ్గు పక్కకు వచ్చి నిలబడింది. "అమ్మా, నిన్న పుంజుకు గింజలు, నేడు నీకు చెంబు. వేటగాడు కూడా వల పన్నేముందు నూకలు చల్లుతాడు కదమ్మా!"

"నువ్వుండవే, నీకు ముసలి చాదస్తం!" అని గవరమ్మ కసిరింది. కసురుతూనే అలవాటుగా గుప్పెడు నూకలు దాని ముందు వేసింది.

బొల్లి నూక తిని తల ఎత్తి దణ్ణం పెట్టింది. 'కసిరితే కసిరింది. కసిరిన రోజున కూడా నన్ను పస్తు పెట్టలేదు. ఈ ఇంటి నూక నా ఒంట్లో ఉండగా ఆ నోరు లోపలికి రాకూడదు' అనుకుంది.

గవరమ్మ ముగ్గేసి లోపలికి వెళ్ళగానే నక్క తెల్లవార్లూ అవతలనుంచి గోకింది. ముంగిస పట్టే కంత కాస్తా నక్క తల పట్టేంత అయింది. దడి అవతల నక్క చిరునవ్వు నవ్వితే కొండ మీద దాని నీడ కూడా నవ్వింది.

మూడో రోజు మధ్యాహ్నం గవరమ్మ చేలో ఉండగా నక్క వచ్చి తియ్యగా పిలిచింది. దాని గొంతులోంచి ఆ పూట తేనె కారింది, చీమలు బారులు కట్టాయి.

"చెల్లీ మైలా! నీ బిడ్డల కోసం వచ్చానమ్మా. పసికాళ్ళతో నా తోక తొక్కిన కోడిపిల్లకు జన్మలో కొక్కెర తెగులు రాదు. అన్నిటినీ ఒక్కసారిగా తెచ్చి నా తోక మీద నిలబెట్టు. అల్లుడూ, నువ్వు మాత్రం కుయ్యకు. కూతకు అదృష్టం బెదురుతుంది."

తెగులు మాట వినగానే మైలపెట్ట గుండె కరిగిపోయింది. కళ్ళముందు ఎన్ని పిల్లలు తలలు వాల్చాయో దానికి తెలుసు.

"అత్తా, నిజమేనేమో! నా పిల్లలు బతుకుతాయి" అంది కళ్ళనీళ్ళతో.

బొల్లి దాన్ని రెక్కతో దగ్గరకు తీసుకుంది. "బతకాలనే కదమ్మా నా తాపత్రయం. పొద్దున గంప ఎత్తి, గింజ వేసి, సాయంత్రం గంప కమ్మేది ఎవరు? గవరమ్మ. పిల్లలు జబ్బుపడితే పసుపునీళ్ళు పట్టేది ఎవరు? గవరమ్మ. ఆ చేతిని చూశాం, నమ్మాం. ఈ తోక వెనక మొహం నువ్వు చూశావా? పిల్లల్ని గంప అవతల నిలబెట్టు. నేను పిలిచేదాకా ఇటు రానివ్వకు."

తరవాత బొల్లి కంత దగ్గరకు వెళ్ళి గొంతు వణికిస్తూ అంది. "నక్క మావా, పిల్లలు వస్తున్నాయి. కాని తోక కొస తొక్కితే కొసరు అదృష్టమే వస్తుందని మా అమ్మమ్మ చెప్పేది. అసలు అదృష్టమంతా తోక మొదట్లో ఉంటుందట కదా? అదిగో, ఆ గంప నీడలోకి, మొదలుకంటా పెట్టు మావా!"

నక్క లోలోపల పొంగిపోయింది. 'పిల్లలన్నీ తోక మీదికి ఎక్కగానే గిర్రున తిరిగి ఈ కంతలో తల దూరుస్తాను. ఒక్క గుటక!' అనుకుంది. వెనక్కి తిరిగి, దడికి వీపు ఆనించి, తోకనంతా కంతలోంచి లోపలికి తోసింది. గవరమ్మ పెట్టిన పద్మాల ముగ్గు మీదుగా, పుల్ల ఆనించి ఎత్తిన గంప అంచు కిందికి, తోక బారుగా పరుచుకుంది.

గంప అవతల పిల్లలు కిచకిచలాడాయి.

"వచ్చాయా?" అంది నక్క.

"వచ్చింది మావా, నీ అదృష్టం!" అని బొల్లి తన ముసలి కాలితో పుల్లను ఒక్క తన్ను తన్నింది.

గంప పడింది. గంపతో పాటు పొత్రం బరువంతా తోక మీద పడింది. నక్క పెట్టిన కేకకు కొండ మీద రాళ్ళు దొర్లి వాగులో పడ్డాయి. చేపలు ఒడ్డెక్కి ఏమైందని అడిగాయి. నక్క తిరగబోయింది, తోక రాలేదు. ముందుకు దూకబోయింది, తోక రాలేదు.

తోక లాక్కోవడానికి మెడ తిప్పింది. అప్పుడు కంతలోంచి పుంజుకు నక్క నోరు కనబడింది. తాను మొన్న తొక్కి మురిసిన తోకకు ఎన్ని పళ్ళున్నాయో అప్పుడు చూసింది.

"ఇప్పుడు కుయ్యరా అబ్బాయ్! గొంతు దేనికిచ్చాడు దేవుడు!" అంది బొల్లి.

పుంజు కూసింది. అలాంటి ఇలాంటి కూత కాదు. నడినెత్తిన ఉన్న సూర్యుడు, తెల్లవారలేదు కాబోలు అని రెండడుగులు తూర్పుకు జరిగాడు.

గవరమ్మ చేలోంచి వచ్చింది. ఆమె కాళ్ళు నేలకు తగిలాయో లేదో చూసినవాళ్ళు లేరు. వెనక సన్నాసమ్మ చీపురుతో వచ్చింది.

"అమ్మా గవరమ్మ తల్లీ, నన్ను కొట్టకు! నేను నీ అదృష్టాన్ని!" అని నక్క ఏడ్చింది.

గవరమ్మ ఆ నోటివంక చూసింది, ఆ పళ్ళవంక చూసింది, గంప వెనక వణుకుతున్న దూది ఉండలవంక చూసింది. తన చేత్తో తాను పెట్టిన ముగ్గువంక చూసి నాలిక కరుచుకుంది.

"అదృష్టానివైతే ఆ చొంగ ఏమిటే? చూడొదినా, ఇదిగో, ఇప్పుడు తొక్కాను నక్క తోక!" అని మడమతో ఒక్క తొక్కు తొక్కింది.

నక్క ప్రాణం బిగబట్టి గుంజుకుంది. తోక వచ్చింది గాని తోక మీది వెంట్రుకలు రాలేదు. ఎండుమిరపకాయలాంటి ఆ తోకను కాళ్ళ మధ్య దాచుకుని అది పారిపోతుంటే, కుందేళ్ళు నవ్వి నవ్వి పొట్టలు పట్టుకున్నాయి. మళ్ళీ తూనీగలవలస పొలిమేర తొక్కితే ఒట్టు.

గవరమ్మ ముగ్గు చెరిపేసింది. కంతలో ముళ్ళకంప దిట్టంగా కుక్కింది. తిరిగి వచ్చి బొల్లి ముందు చతికిలబడింది.

"అమ్మా బొల్లీ! అదృష్టం కంతలోంచి వస్తుందని ముగ్గు పెట్టాను. అది ఇన్నేళ్ళుగా నా పెరట్లోనే తిరుగుతూ ఉంటే చూసుకోలేదు. నిన్ను కసిరిన నోటితోనే చెబుతున్నాను, నీ రుణం తీర్చలేను తల్లీ."

"రుణం ఎక్కడిదమ్మా? నువ్వు ఒక్క గుడ్డును మరవలేదు, నేను ఒక్క నూకను మరవలేదు. చెల్లుకు చెల్లు" అంది బొల్లి.

పుంజు తురాయి వాల్చుకుని వచ్చింది. "అత్తా, ఆ తల ఎత్తడం నాకూ నేర్పవూ?"

గవరమ్మ తన దోసిట్లోనే నూకలు పోసి పట్టింది. ఆ వచ్చిన చెంబుతోనే నీళ్ళు పెట్టింది. బొల్లి ఒక గుక్క తాగి తల ఎత్తి దణ్ణం పెట్టింది. మైలపెట్టా ఎత్తింది, పుంజూ ఎత్తింది, దూది ఉండలన్నీ వెనక్కి పడిపోయేంతగా తలలెత్తాయి. ఆ పిల్లల పిల్లలే ఇప్పుడు లోకం నిండా ఉన్న కోళ్ళు. నమ్మకపోతే కోడి నీళ్ళు తాగేటప్పుడు చూడండి, గుక్కకోసారి తల ఎత్తకపోతే నన్ను అడగండి.

కథ గంప కిందికి, మనం దుప్పటి కిందికి. నిద్రపోయే ముందు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

పెట్టిన చేతిని తల ఎత్తి చూసి, మేలు మరవకుండా తినేవాణ్ణి ఏ నక్కా మోసం చెయ్యలేదు.