మందు పెట్టొద్దన్న మంత్రసాని

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రాజుగారి దండోరా వినపడనంత ఎత్తున ఒక కొండపల్లె.

ఒక ఏడు దేశమంతా అంటుజ్వరం పాకింది. పల్లెలో వైద్యం తెలిసింది మంత్రసాని సోమెలి ఒక్కతికే. జ్వరమొచ్చిన ఇళ్లన్నీ తిరిగే మనిషి కదా, దామి అనే తన ఐదేళ్ల కూతురిని వాగు అవతల అవ్వ దగ్గర వదిలింది. రోజూ పొద్దుగూకే ముందు ఈ ఒడ్డున తల్లి, ఆ ఒడ్డున పిల్ల.

"అమ్మా, ఇవాళ నా జడ ఎవరేశారో చెప్పు!"

"అవ్వే. వంకరగా ఉందిగా!"

"మరి నువ్వెప్పుడొచ్చి వేస్తావు?"

సోమెలి ఆ జుట్టులోని కుంకుడురసం వాసన తలచుకుంటూ వెనుదిరిగేది. ముప్పైమంది రోగులు, ఆమెవి రెండే చేతులు. సాయం వస్తేనే జ్వరం తగ్గుతుంది. జ్వరం తగ్గితేనే వాగు దాటేది.

కొండకు దారి లేదన్నారు మంత్రులు. వేటకొచ్చినప్పుడు దొరికిన దారి, వైద్యానికి దొరకలేదట!

ఎట్టకేలకు భటులొచ్చారు. డప్పు కొట్టి, "రాజుగారు మీ అందరికీ మందు పెట్టమన్నారహో!" అని అరిచారు. ఆ కొండ మీద మందు పెట్టడమంటే చేతబడి చేయడమే. జనం రోగులను భుజాన వేసుకుని అడవిలోకి పరుగో పరుగు. "వట్టి మూఢులు" అనుకుంటూ భటులు దిగిపోయాకే మళ్లీ ఇళ్లు చేరారు.

తరువాత ఒక వర్తకుడొచ్చాడు. పొలిమేరలో మూలికల మూటలు పడేసి, "రాజుగారి దయ అని నలుగురికీ చెప్పండి" అన్నాడు. ఎలా కాచాలో, ఎవరికెంత పోయాలో చెప్పలేదు. భయంతో మూటలను ఎవరూ ముట్టలేదు. మేకలు మేశాయి. రెండు రోజులు గుర్రుపెట్టాయి. ఆ ఊళ్లో సుఖంగా నిద్రపోయింది అవే!

మూడోసారి వైద్యురాలు తరళ వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని, పొలిమేర దగ్గరే ఆగింది.

"అక్కా, నీకేం కావాలి?"

ఆ మాట అడిగినవాళ్లే లేరు. సోమెలి కళ్లు నిండాయి. ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"ఇన్నాళ్లకు గుర్తొచ్చామా తల్లీ? నాకు ఒక పూట నిద్ర కావాలి. కషాయం కాచే చేతులు కావాలి. ఇంకో సంగతి. ఇక్కడ మందు పెడతామనకు. మందు పెట్టేది పగవాళ్లు. చుట్టాలైతే 'తాగుదాం రండి' అంటారు."

తరళ తన మూలికలతో కషాయం కాచింది. "తాగుదాం రండి!" అని పిలిచి, తొలి గుక్క తానే తాగింది. ఆ తరువాత సోమెలి. అప్పుడు తలుపుల చాటు నుంచి ఒక్కొక్కరే, ఎవరి దొప్ప వారు పట్టుకుని, దూరం దూరంగా వచ్చి నిలబడ్డారు. ఆ పూట సోమెలి కంటినిండా నిద్రపోయింది.

నెల తిరిగేసరికి ఆఖరి జ్వరమూ దిగింది. సోమెలి వాగు దాటింది. దామి పరుగున వచ్చి, నాలుగడుగుల దూరంలో ఠక్కున ఆగిపోయింది. ఎడంగా ఉండటం ఆ పసిదానికి అంతగా అలవాటైపోయింది.

"అమ్మా, ముట్టుకోవచ్చా?"

సోమెలి రెండు చేతులూ చాచింది.

ఆపదలో ఉన్నవారికి చేయి అందించే ముందు చెవి ఒగ్గాలి. ఏం కావాలో అడగని సాయం, అందని సాయం ఒక్కటే.