గుమ్మానికెక్కిన కలబంద

ఒకప్పుడు కలబంద ఆకులు ఇప్పటిలా లావుగా ఉండేవి కావు. పల్చగా, మెత్తగా ఉండేవి. అంచుల్లో ముళ్లు లేవు, లోపల చేదు లేదు. ఎండ కాస్త ముదిరితే చాలు, తల వాల్చేసి "నీళ్లు, నీళ్లు" అని మూలిగేది.

అది సుంకులమ్మ పెరట్లో గోడ వారగా ఉండేది. దాని పక్కనే ఒక మల్లె.

సుంకులమ్మది వానలు మొహం చాటేసే ఊరు. అక్కడ నీళ్లు పారబోస్తే అన్నం పారబోసినట్టే. అందుకే ఆమె రోజూ పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి మల్లె మొదట్లో పోసేది. పోసి ఊరుకుంటుందా? "తాగు నా తల్లీ, తాగు నా బంగారూ" అని ముద్దు చేసేది. చివర్లో గిన్నె విదిలిస్తే రాలే చుక్కలు కలబంద మీద పడేవి. అవి జారిపడిన చుక్కలే గాని, పోసిన నీళ్లు కావు.

కలబందకు ఒళ్లు మండిపోయేది. 'నేనూ ఈ పెరట్లోనే పుట్టాను కదా! నాకో పిలుపు లేదు, పలకరింపు లేదు. దానికేమో బంగారం, తల్లి, అన్నీనూ!' అని కుళ్లుకునేది.

దానికి తోడు పక్కింటి లింగమ్మ. గోడ మీదుగా తొంగిచూసి, "ఏం పూసిందే నీ మల్లె! ముత్యాలు ఆరబోసినట్టుంది!" అనేది. గోడకు ఆనుకుని నిలబడ్డ కలబంద ఆమె గడ్డం కిందే ఉన్నా, కంటికి ఆననే లేదు.

ఇక కలబంద ఓర్చుకోలేకపోయింది. మట్టిలో నుంచి మెల్లగా వేళ్లు చాచి మల్లె వేళ్లను చుట్టేసింది. సుంకులమ్మ నీళ్లు పోయడం, కలబంద తాగేయడం. దాహం లేకపోయినా తాగేది. తనకు కావాలని కాదు, మల్లెకు దక్కకూడదని.

తాగిన నీళ్లు ఎక్కడ దాచాలి? ఆకుల్లోనే దాచుకుంది. ఆకులు ఉబ్బాయి. ఎవరైనా ముట్టుకుంటే దొంగతనం బయటపడుతుందేమోనని భయం పట్టుకుంది. ఆ భయానికి అంచుల వెంట ముళ్లు మొలిచాయి. కుళ్లుకుంటూ తాగిన నీళ్లు కడుపులో తియ్యగా ఉంటాయా? చేదెక్కాయి.

ఇంతలో కరువొచ్చింది. బావి అడుగంటింది. మల్లె ఆకు రాల్చి పుల్లలా మిగిలింది. పాపం, దానికి ఏమీ తెలియదు. "అక్కా, నువ్వైనా పచ్చగా ఉన్నావు. అమ్మకు అదే చాలు" అంది కలబందతో.

కలబందకు ఒక్క క్షణం సిగ్గేసింది. ఒక్క క్షణమే! అంతలో సుంకులమ్మ వచ్చి మల్లె దగ్గర కూర్చుని ఏడ్చింది. కన్నీళ్లు టపటపా మల్లె మొదట్లో రాలాయి.

'అదిగో! ఏడిస్తే ఆ కన్నీళ్లు కూడా దానికే!' అని కలబంద మళ్లీ భగ్గుమంది.

సుంకులమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుతాదంటారు. ఇది ఆ లింగమ్మ దిష్టే!" అంది. ఆ ఊళ్లో ఎవరి కన్ను తగిలిందనుకుంటే వాళ్లు నిలబడ్డ చోటి మట్టి తెచ్చి, ఉప్పూ మిరపకాయలతో కలిపి దిష్టి తీస్తారు. లింగమ్మ పెరట్లోకి పోయి మట్టి అడిగితే కొట్లాటే. అందుకని గోడకు ఇవతలే, లింగమ్మ తొంగిచూసే చోటే తవ్వుకుందామనుకుంది.

అక్కడున్నది కలబంద.

మట్టి లాగితే వేళ్లు బయటపడ్డాయి. కలబంద వేళ్లు మల్లె వేళ్లను పీకలు నొక్కినట్టు చుట్టుకుని ఉన్నాయి.

"ఓసి దీని కుళ్లు! ఎంత పని జేస్తివే!" అని సుంకులమ్మ కలబందను వేళ్లతో సహా పెకలించింది. "పువ్వులాంటి లింగమ్మను అనవసరంగా అనుకుంటినే! తాగిన నీళ్లు కక్కు!"

"కక్కుతాలే అమ్మా!" అని కలబంద బావురుమంది. "కానీ ఒక మాట చెప్పు. నీ చేత్తో నాకు ఒక్కనాడన్నా నీళ్లు పోస్తివా? ఒక్కనాడన్నా నన్ను చూస్తివా?"

సుంకులమ్మ చేతిలోని కలబందను తేరిపార చూసింది. "లేదే. చూడలేదు" అంది.

ఆమె రెండు ఆకులు కోసి, చీల్చి, మల్లె మొదట్లో పరిచింది. జిగట జిగటగా నీళ్లు కారి మట్టిలో ఇంకాయి. మిగిలిన ఆకుల్ని ముట్టుకోలేదు. కొన్నాళ్లకు ఆ పుల్లకు ఆకుపచ్చ చిగురు కనబడింది.

కలబందను మాత్రం మళ్లీ మట్టిలో పెట్టలేదు. వేళ్లకు తాడు కట్టి, వీధి గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసింది.

"పాము కాళ్లు పాముకే తెలుస్తాయంట. ఓర్వలేని కన్ను ఎట్లుంటాదో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాది? ఈ గడప తొక్కే ప్రతి కన్నునూ కనిపెట్టు. నీళ్లు పొయ్యను, నీ దగ్గరున్నవి నీకు చాలు. కానీ పోతా వస్తా నిన్నే చూస్తా. ఇంటికొచ్చేటోళ్లంతా మొదట నిన్నే చూస్తారు."

కలబందకు కావలసిందే దొరికింది. నీళ్ల మాటే మరిచిపోయింది.

అప్పటినుంచే కలబంద ఆకులు లావుగా, ముళ్లతో, చేదుగా ఉంటాయి. అప్పటినుంచే గుమ్మానికి వేలాడదీసినా, మట్టి లేకుండా, చుక్క నీరు లేకుండా నెలల తరబడి పచ్చగా బతుకుతుంది. వచ్చేపోయేవాళ్లందరినీ కదలకుండా చూస్తుంది.

తలలో మల్లెపూలు పెట్టుకున్నవాళ్లు గడప దాటితే మాత్రం కాస్త ఊగుతుంది. గాలికి ఊగిందంటారు పెద్దవాళ్లు. మీరు నమ్మకండి.