ఛాయమ్మ పుచ్చుకున్న కౌలు తాంబూలం

బస్సు దిగి నీడమిట్ట వైపు తిరిగిన భక్తులకు మొదట గుడి కనిపించదు. కనుచూపు మేర సోలార్ పలకలే కనిపిస్తాయి. ఎర్రనేల మీద ఉతికి ఆరేసిన నీలం చీరల్లా వరుసగా పరుచుకొని ఉంటాయవి. ఆ వరుసల నడుమ వదిలిన బండిబాట వెంట నడిస్తే మిట్ట కొనన నిలువెత్తు నల్లరాయి ఒకటి ఎదురవుతుంది. ఆమే ఛాయమ్మ తల్లి. ఆమెకు కప్పు లేదు, గోడ లేదు, కన్నూముక్కూ చెక్కిన రూపమూ లేదు. ఎదుట చిన్న మడి ఒకటి దున్ని ఉంటుంది. చుట్టూ పలకల కింద గొర్రెలు పడుకొని నెమరు వేస్తుంటాయి.

సోలారుకు పొలం కౌలుకివ్వాలా వద్దా అని మనసు తేలనివాళ్లు ఈ తల్లి దగ్గరికి వస్తారు. ఇంటి మగమనిషి, ఆడమనిషి కలిసి రావాలి. ఒక్కరే వస్తే పూజారమ్మ హారతి ఇస్తుంది గానీ తాంబూలం ముట్టదు. ఎంతటి పెద్దమనిషి కారు దిగినా ఇదే పద్ధతి. కొందరు మొహం ముడుచుకుంటారు. ముడుచుకోనీ, కథ వింటే వాళ్లకే తెలుస్తుంది.

పూర్వం ఇక్కడ సోలారు మాటే ఎరగని కాలంలో ఈ చోటును బొగ్గుమిట్ట అనేవారు. ఇక్కడి రాళ్లు అంతగా కాలేవి. మిట్ట కింది చేను తిప్పక్క అనే ఆమెది. భర్త గతించాక, కళ్లు కనపడని మామ జంబన్నను, నాలుగు గొర్రెలను పెట్టుకొని ఆమె సేద్యం సాగించేది. ఏటా కొర్ర వేసేది.

ఈ సీమలో విత్తనం వేసే తీరు ఒకటుంది. మగవాడు సాళ్లు తీసే గొర్రు తోలతాడు. వెనకాలే ఆడమనిషి నడుస్తూ, గొర్రుకు అమర్చిన జడ్డిగం అనే కొయ్యగిన్నెలోకి పిడికిలితో గింజలు వదులుతుంది. ఆ చెయ్యి లేనిదే గొర్రు ఉత్త గీతలు గీస్తుంది. అందుకే ఇక్కడ చేను కౌలుకు అడగవచ్చినవాడు ఇంటామెను వెంటబెట్టుకొని రావాలి. తాంబూలం పళ్లెం ఇద్దరూ కలిసి పట్టి అందుకోవాలి. అదీ ఆచారం.

అలాంటి కాలాన వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు, లెక్క మరిచిపోయేంత కాలం. తిప్పక్క ఇంట్లో విత్తనాల బుట్ట ఒక్కటే మిగిలింది. జంబన్న తాతల నాటి నుంచీ ఏ ఏటి గింజ ఆ ఏడు దాచుకుంటూ వచ్చిన కొర్ర అది. వండితే విత్తనం పోతుంది, వండకపోతే ముసలాయన పోతాడు. ఆమె రోజూ బుట్ట మూత తీసేది, గింజల్లో చెయ్యి పెట్టేది, మళ్లీ మూసేది.

అప్పుడు వచ్చాడు ఆ మనిషి. రాగిరంగు మొహం, కళ్లెత్తి చూడలేని తేజస్సు. చేలు తనకు కౌలుకివ్వమని ఊరంతా అడిగాడు. దున్నడట, విత్తడట, వాన వచ్చినా రాకున్నా ఏటా గాదె నిండా ధాన్యం పోస్తాడట. రైతులు ముందు నమ్మలేదు, తర్వాత ఆశపడ్డారు. ఇంటామె ఏదీ అని ఎవరో ముసలామె అడగకపోలేదు. గింజే వెయ్యనివాడికి ఇంటామెతో ఏం పని అని మగవాళ్లు నవ్వేశారు. ఆ ఒక్కడి చేతిలోనే తాంబూలం పెట్టారు.

ఆయన మాట తప్పలేదు. గాదెలు నిండాయి, ఊరు సుఖపడింది. పడకేం! గొర్రులు అటకెక్కాయి, ఎద్దులు సంతకు వెళ్లాయి, ఇక విత్తేదెవరని విత్తనపు గింజలు కూడా దంచుకు తిన్నారు. అయితే ఆయన పుచ్చుకున్న చేలల్లో గడ్డిపోచ మొలవలేదు. నేల ఇటుకలా బిగిసిపోయింది. గొర్రెలకు మేతా లేదు, నిలవడానికి నీడా లేదు. పిట్టలు ఊరు విడిచిపోయాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఇక్కడ కాళ్ల కింది నేల చచ్చిపోతూ ఉంటే, కడుపు నిండినవాళ్లకు తెలియనే లేదు.

తిప్పక్క ఒక్కతే ఇంకా ఇవ్వలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎగతాళి చేశారు. ఆమె ఏమీ పంతం పట్టి కూర్చోలేదు. గుక్కెడు గొర్రెపాలతో మామ పడుకుంటుంటే ఆమెకు కంట నీరు ఆగేది కాదు. ఇచ్చేద్దామనే అనుకుంది. దాచడం ఎందుకు?

వైశాఖంలో పొద్దు బారెడెక్కిన వేళ ఆయన వచ్చి ఆమె చేని గట్టు మీద నిలబడ్డాడు. తిప్పక్క ఆకూ వక్కా పళ్లెంలో పెట్టుకొని ఎదురు వెళ్లింది. పళ్లెం చాచబోతూ, అలవాటు కొద్దీ ఆయన వెనకకు చూసింది. ఇంటామె లేదు. చూపు కిందికి దించింది. నీడా లేదు. తన నీడ గట్టు దాటి పారింది, గొర్రెల నీడలు గొర్రెల పక్కనే ఉన్నాయి, ఆయన కాళ్ల దగ్గర మాత్రం ఉత్త ఎర్రమట్టి మెరుస్తోంది.

ఎవరో ఆమెకు తెలిసిపోయింది.  లోకానికంతా వెలుగిచ్చే సామి కౌలు అడగడానికి తన గట్టు మీదికి వచ్చాడు! కాళ్ల మీద పడదామనుకుంది. పడితే ఇక ఏమీ అడగలేనని నిలబడింది.

"సామీ, మా సీమలో ఒంటి మగాడికి కౌలియ్యం. ఇంటామెను తోడుకొని రా."

 సూర్యభగవానుడు తన గోడు చెప్పుకున్నాడు. తన వేడికి ఓర్వలేక ఛాయాదేవి అలిగి వెళ్లిపోయిందని, ఆమె పోయాక తాను నిలిచిన చోటల్లా కాలిపోతోందని, ఆ నష్టానికే ధాన్యం పోస్తున్నానని అన్నాడు. దేవుడైతేనేం, ఇంట్లో ఆమె లేనివాడి మొహం దాగుతుందా! తిప్పక్కకు జాలి కలిగింది. అయినా పళ్లెం చాచలేదు. గుడిసెలో చాప మీద నుంచి జంబన్న అంతా విన్నాడు. "ఇయ్యొద్దు బిడ్డా. ఇన్నాళ్లు ఓర్చినోణ్ణి, ఆ తల్లి వచ్చేదాకా ఓర్చుకుంటా" అన్నాడు.

సామి ఇంటామెను వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ వైశాఖంలోనే పొద్దు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నం మనుషులకు, గొర్రెలకు, గుంజలకు, దేనికీ నీడ ఉండదు. గుడిసెలో గాలి ఆడక మామ గుటక వేయడం కూడా మానేశాడని తిప్పక్క ఆయనను ఎత్తుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టింది. ఇక బుట్ట విప్పక తప్పదని దాన్నీ తెచ్చుకుంది. మూత మీద చెయ్యి వేసింది. అప్పుడు గుడ్డి జంబన్న తల ఎత్తాడు.

"ఎవరో వచ్చినారమ్మా. కాళ్లు సల్లబడినాయి."

నీడ అనేదే లేని ఆ వేళ, చేని నిండా నల్లని చల్లని నీడ పారుతోంది. ఆ నీడ లేచి నిలబడి స్త్రీ అయింది. పక్కన సూర్యభగవానుడు తల వంచుకొని ఉన్నాడు. ఊరు ఊరంతా పరుగెత్తి వచ్చి దూరంగా నిలబడిపోయింది. తిప్పక్క గుడిసెలోంచి తాంబూలం పళ్లెం తెచ్చి చాచింది. ఛాయాదేవి దాని అంచు పట్టుకొని, రెండో అంచు పట్టమని భర్తకు సైగ చేసింది.

"పైన ఆయన ఉంటాడు, కింద నేనుంటాను. నేనున్న మేర నేల నీది, గింజ నీది" అంది తిప్పక్కతో.

అప్పుడు జరిగింది చెప్పేటప్పుడు ఈనాటికీ పూజారమ్మ లేచి నిలబడుతుంది. సూర్యుడు తన రథపు గుర్రాల్లో ఒకదాన్ని విప్పి తిప్పక్క గొర్రుకు కట్టాడు. మేడి తానే పట్టాడు. లోకమాత వెనకాల నడుస్తూ తిప్పక్క బుట్టలోని కొర్ర పిడికిలి పిడికిలిగా జడ్డిగంలోకి వదిలింది. గొర్రు నడిచిన ప్రతి సాలులో తడి తేలింది. వాళ్లు చేని ఆ చివరికి చేరేలోగా ఈ చివర మొలక లేచింది. జంబన్న ఆ మొలకలను వేళ్లతో తడిమి తడిమి ఏడ్చాడు.

చేను పండింది, ముసలాయన బతికాడు. గాదె నిండా ధాన్యం ఉన్నా పిడికెడు విత్తనం లేని ఊరివాళ్లు సిగ్గుపడి తిప్పక్క వాకిట నిలబడ్డారు. ఆమె ఒక్క మాట దెప్పలేదు. కొత్త పంటలోంచి ఇంటికొక పిడికెడు పెట్టింది. వాళ్లు మళ్లీ పళ్లెం పట్టి ఇద్దరికీ తాంబూలమిచ్చుకున్నారు. ఛాయాదేవి మిట్ట మీద రాయిగా నిలిచిపోయింది. తల్లికి కప్పు వేస్తే సామి రాకకు అడ్డమవుతుందని వేయలేదు.

ఈ కాలంలో సోలారువాళ్లు వచ్చినప్పుడు పైన ఆయన, కింద తల్లి అన్న ఆ మాటే ఊరు అడిగింది. బుట్ట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి వంగకుండా నడిచేంత ఎత్తున పలకలు లేపించింది. కింద గొర్రెలు మేస్తాయి, నీడకు ఓర్చే ఆకుకూరలు పండుతాయి. ఒక చెక్క చేను విత్తనానికి విడిగా ఉంటుంది. తల్లి పొలం ఇవ్వమనీ చెప్పదు, వద్దనీ చెప్పదు. వచ్చిన ఇద్దరూ తమ చేని గింజ పిడికెడు తేవాలి, ఎదుటి మడిలో ఆడమనిషి చేత్తో వదలాలి. ఇంట గింజ లేనివాళ్ల తాంబూలం ఇక్కడ చెల్లదు. పూజారమ్మ వాళ్లకు పిడికెడు కొర్ర కొంగులో పోసి, ముందు పండించుకొని రమ్మంటుంది.

వైశాఖంలో పొద్దు నడినెత్తిన నిలిచే రోజున ఇక్కడ తిరునాళ్ల. ఆ వేళ అందరి నీడలూ మాయమవుతాయి, తల్లి నీడ మాత్రం జానెడు నిలుస్తుంది. రాయి కాస్త ఒరిగి ఉంది గనక అలా పడుతుందని చదువుకున్నవాళ్లు అంటారు. ఒరిగే ఉంది, తల్లి ఒరగకపోతే మనకు నీడెక్కడిది? భక్తులు జంటలుగా వచ్చి, జంబన్నలాగా కళ్లు మూసుకొని, ఆ జానెడు నీడలో పాదాలు పెడతారు. కాళ్లు చల్లబడేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాతే ఇంటికి పోయి పొలం మాట మాట్లాడుకుంటారు.